లైన్ క్లియర్

ఖరగ్‌పూర్‌లో మా పేట పేరు ట్రాఫిక్. కొత్తవాళ్లు ఆ పేరు వినగానే బస్సులూ లారీలూ కిక్కిరిసిన కూడలి అనుకుంటారు. రైల్వే భాషలో ట్రాఫిక్ అంటే బళ్లు నడిపే శాఖ. సాయంత్రం మా వీధిలో రద్దీ చేసేది కాకులే.

బెంగాల్ నాగపూర్ రైల్వే ఇటు పట్టాలు పరిచిన కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు జనం కొలువుల కోసం ఇక్కడికి చేరుతూనే ఉన్నారు. వస్తూ వస్తూ రామనవమి పందిరిని కూడా మూటలో కట్టుకొచ్చారు. క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాలో తాటాకు పందిరి, మిరియాల ఘాటుతో పానకం, దోసిట్లో వడపప్పు, చేతిలో విసనకర్ర. చీకటి పడితే హరికథ. టికెట్టూ లేదు, గోడా లేదు. ఝాల్ మురి పొట్లాలతో వచ్చి వెనక నిలబడే బెంగాలీ పొరుగువాళ్లు మేం నవ్విన కాసేపటికి నవ్వేవాళ్లు.

టికెట్ కొన్నవాడు డబ్బు దండగవుతుందని కూర్చుంటాడు. ఊరికే వచ్చినవాడికి ఆ బెంగ లేదు, విసుగు పుడితే చాప చుట్టేస్తాడు. హరికథ అలాంటి శ్రోత కోసమే పుట్టిన కళ అని నాకనిపిస్తుంది. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో దండ. ఆ ఒక్క మనిషే పాడాలి, ఆడాలి, కథ చెప్పాలి. కునికిపాట్లు కనిపిస్తే పిట్టకథ అందుకోవాలి. ఈ కళకు పితామహుడనిపించుకున్న ఆదిభట్ల నారాయణదాసు 1919లో విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడయ్యారు. అంతటి పండితుడి విద్య కూడా ఆరుబయట, లేచిపోయే స్వేచ్ఛ ఉన్న జనం ముందు నెగ్గుకు రావలసిందే.

నాన్న గూడ్సు బండి గార్డు. ఒక ఏడాది నవమి నాటి సాయంత్రం కాల్ బాయ్ వచ్చి పుస్తకంలో సంతకం పెట్టించుకుపోయాడు. హరికథ చెప్పే దాసుగారు ఇంకా గణపతి ప్రార్థనలోనే ఉన్నారు. నాన్న పందిరి గుంజ పట్టుకుని కాసేపు నిలబడి, నా నెత్తి మీద చెయ్యేశాడు.

"ఒరే, మిగతా కథ నువ్విని నాకు సెప్పాల. మజ్జిలో నిద్దరోకు."

ఆ రాత్రి నుంచి వినడం నాకొక పనయింది. చేతివేళ్ల కణుపుల మీద ఘట్టాలు లెక్కపెట్టుకున్నాను. విశ్వామిత్రుడు ఒక కణుపు, తాటక ఒక కణుపు, అహల్య ఒకటి. పాటను ఇంటికి మోసుకుపోవడం నా వల్ల కాదని తొందరగానే తెలిసింది. అది ఎక్కడ ఆగిందో, జనం ఎక్కడ నవ్వారో, దాసుగారు ఎప్పుడు కండువాతో చెమట తుడుచుకున్నారో గుర్తుపెట్టుకోవచ్చు. వాటిని పట్టుకుంటే కథ వెంట వస్తుంది.

విల్లు విరిగింది. దశరథుడికి కబురెళ్లింది. సరిగ్గా అప్పుడే లైన్ల వైపు నుంచి గూడ్సు బండి కూత, పందిరి అదిరేటంత పొడుగ్గా. దాసుగారు చిడతలు ఆపి, చెవి ఒగ్గి, "అదుగో, అయోధ్య నుంచి మగపెళ్లివారి బండి! దారివ్వండి బాబూ!" అన్నారు. వెనక వరసలోంచి ఎవరో, "లైన్ క్లియర్ ఇచ్చేశాం దాసుగారూ!" అన్నారు. బెంగాలీలు కూడా ఈసారి మాతోపాటే నవ్వారు. ఆ మాటకు తెలుగు అక్కర్లేదు మరి.

ఇప్పుడు ఏ మైదానంలో కచేరీ విన్నా నా చేతివేళ్లు కణుపుల మీదికి పోతాయి. ఫోను పైకెత్తి పట్టుకోవడం నాకు చేతకాదు. వినలేకపోయిన మనిషి ఒకరు మనసులో ఉంటే చెవి దానంతటదే నిక్కుతుంది. ఉచిత కచేరీకి నేను కట్టే టికెట్ అదే.

ఆ నవమి రాత్రి డ్యూటీకి వెళ్లిన నాన్న మూడోనాటి మధ్యాహ్నానికి వచ్చాడు. అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని కథంతా అప్పజెప్పాను. కూత దగ్గరికి వచ్చేసరికి నాన్న చెయ్యి కంచంలో ఆగింది.

"అప్పుడు టైమెంతయ్యుంటుందిరా?"

"పది దాటింది. పదీ ఇరవై."

నాన్న కాసేపు ఏమీ అనలేదు. తరవాత మజ్జిగ పోసుకుంటూ అన్నాడు.

"అది మా బండేరా."