కరువు కాలంలో బాప్తిస్మం ఆపిన స్నేహం: ఒక విమర్శనాత్మక పరిశీలన

నిస్వార్థ స్నేహం గురించి ప్రసంగించేటప్పుడు మనం తరచుగా దావీదు, యోనాతానుల దగ్గరే ఆగిపోతుంటాం. మన నేలమీద దాని జాడ వెదకాలంటే, జాన్ ఎవరెట్ క్లౌ చెప్పగా ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గ్రంథస్థం చేసిన ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ (1914) చదవాలి. దీన్ని మేము మిషనరీ ఘనచరిత్రగా కాక, ఒక్క ప్రశ్నతో చదివాము: స్నేహితుని వల్ల తనకు కలిగే లాభాన్ని ఈ స్నేహం వదులుకున్నదా?

1866లో క్లౌ దంపతులు నాటి నెల్లూరు జిల్లాలోని ఒంగోలుకు వచ్చారు. వారి బడిలో అగ్రవర్ణాల పిల్లలు చదివేవారు. మాదిగ విశ్వాసులను చేర్చుకుంటే ఆ పిల్లలు దూరమవుతారన్న భయం ఉంది. ఆ సందిగ్ధంలో క్లౌ, ఆయన మొదటి భార్య హ్యారియెట్ ఎవరికి వారు 1 కొరింథీ 1:26–29 చదివి ఒకే నిర్ణయానికి వచ్చారని గ్రంథం చెబుతుంది. గౌరవం తెచ్చే స్నేహాలను పోగొట్టుకొని, గౌరవం తేలేని స్నేహాన్ని వారు ఎన్నుకున్నారు.

1876–78 నాటి ధాత కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి పని కల్పించారు. బోధకులే అక్కడ పని చూసేవారు, విశ్రాంతి వేళల్లో కూలీల మధ్య కూర్చొనేవారు. ఎందరో బాప్తిస్మం అడిగినా క్లౌ ఇవ్వలేదు. కూలి ఇచ్చే చెయ్యే బాప్తిస్మం కూడా ఇస్తే, ఆకలిగొన్నవాడికి కాదనే స్వేచ్ఛ ఎక్కడిది? సహాయం ముగిశాకే, 1878 జూలై 3న, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను మన సంఘాలు కంఠతా చెబుతాయి. దాని ముందున్న నిరీక్షణను మాత్రం మరచిపోతాయి. తిరిగి పిలవలేనివారిని విందుకు పిలవమన్న లూకా 14:12–14 ఆజ్ఞ నెరవేరింది ఆ నిరీక్షణలోనే అని మా అభిప్రాయం.

అయితే గ్రంథానికి ఒక పరిమితి ఉంది. ఇందులో మాట్లాడేది ఇచ్చినవాడు. తోలు వ్యాపారం చేసిన యెర్రగుంట్ల పేరయ్య తన బంధుత్వాలతో, మాటకున్న విలువతో ఎన్ని మాదిగపల్లెల తలుపులు తెరిచాడో చూస్తే, క్లౌ కూడా పుచ్చుకున్నవాడే. అందుకే ఎమ్మా అంతకుముందు మాదిగ బోధకుల జీవితాలపై రాసిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ (1899)ను దీనితో కలిపి చదవాలి. యోహాను 15:15లో ప్రభువు దాసులను స్నేహితులుగా మార్చాడు. ‘దొరగారు’ అని పిలిపించుకొనే చోట ఆ మార్పు సగమే జరుగుతుంది. ‘అయ్యగారు’ అని పిలిపించుకొనే మనకూ ఇది వర్తిస్తుంది.

2021–22లో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటలను దెబ్బతీసింది. అలాంటి ఏడాదిలో కౌలు రైతు ఇంట ప్రార్థన చేసి, ఆ ఇంటివారు ఇచ్చే కానుక కవరును సున్నితంగా వద్దనగలమా? పత్తి తీతకు వెళ్లి ఆదివారం ఆరాధనకు రాని సహోదరిని మందలించడానికి బదులు, సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లి మంచిచెడ్డలు అడుగుతామా? సంఘం పుస్తకంలో పేరు లేని పొరుగింటివారి అప్పు, జబ్బు మనకు తెలుసా? పరిచర్యకు సిద్ధపడే విద్యార్థులు గుండ్లకమ్మ లెక్కతో పాటు ఈ ప్రశ్నలనూ గ్రామాలకు తీసుకువెళ్లాలని మా మనవి.