‘ముంచు – మునుగు’: ఆధిక్యార్థక క్రియల్లో కర్త స్థానం

ఆంగ్లంలోని ‘ఓవర్‌వెల్మ్’ అనే క్రియకు మూలార్థం బోర్లించి కప్పివేయడం. నీరు ముంచెత్తడం, బలంతో అణచడం, దుఃఖం ముప్పిరిగొనడం అనే అర్థాలు దాని నుండి విస్తరించాయి. తెలుగులో వీటికి వేర్వేరు క్రియలున్నాయి. అయితే ద్విభాషా నిఘంటువు వాటిని వరుసగా పేర్చినంత మాత్రాన అనువాద సమస్య తీరదు. అసలు భేదం అర్థచ్ఛాయలో కన్నా కర్తృనిర్దేశంలో ఉంది.

ముంచు–మునుగు, అణచు–అణగు, వంచు–వంగు అనే జంటల్లో మొదటిది సకర్మకం, రెండవది అకర్మకం. ఆంగ్ల కర్మణి వాక్యంలో కర్తను చెప్పకపోయినా అతని స్థానం ఖాళీగా మిగిలి ఉంటుంది. ‘మునిగింది’ అన్నప్పుడు ఆ స్థానమే ఉండదు. ‘వల్ల’ చేర్చినా తెలిసేది కారణమే గాని కర్త కాదు.

చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాన్ని గురించిన కథనాలు ఈ భేదానికి మంచి నిదర్శనం. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచింది. అక్కడ ‘నగరం మునిగింది’ అన్నా లోపం లేదు, ముంచినది వరదేనని అందరికీ తెలుసు. వరదను కట్టడి చేయడానికి మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈ జలాశయాల రక్షణకై 1996లో వెలువడిన 111వ ఉత్తర్వు 84 గ్రామాలలో నిర్మాణాలను నియంత్రించింది. 2022లో 69వ ఉత్తర్వు ఆ ఆంక్షలను తొలగించింది. ఇప్పుడు ఎగువ పల్లెలపైకి వస్తున్నది నీరు కాదు, నగరం. ఈ మార్పును చెప్పే వాక్యాలు మాత్రం ‘ఆంక్షలు తొలగాయి’, ‘భూములు చేతులు మారాయి’, ‘పొలాలు ప్లాట్లయ్యాయి’ అన్న తీరున సాగుతాయి. తొలగించినవారు, కొన్నవారు, అమ్మినవారు వాక్యంలో కనిపించరు. మానవ నిర్ణయం వరదవలె సహజ పరిణామంగా ధ్వనిస్తుంది.

అకర్మక ప్రయోగమంతా కప్పిపుచ్చడమే అనడం తొందరపాటు. ‘మునిగిపోయినం’ అనే రైతు మాటలో కర్త లేకపోవడం అనుభవ తీవ్రతకు గుర్తు. నష్టపోయినవాడు ముందు తన స్థితిని చెప్పుకొంటాడు. అదే రూపం నిర్ణయాధికారం ఉన్నవారి ప్రకటనలో చేరితే బాధ్యతను తప్పిస్తుంది. కనుక రూపాన్ని బట్టి గాక, వక్తను బట్టి ఈ క్రియల విలువ కట్టాలి.

అనువాదకుడు ‘ఓవర్‌వెల్మ్’కు సమానార్థకాన్ని వెదకే ముందు ముంచినదెవరో నిర్ణయించుకోవాలి. భూమి ఇతివృత్తంగా గల తెలంగాణ కథను, నవలను పరిశీలించే విమర్శకుడికీ ఇదే ప్రశ్న ఉపకరిస్తుంది. పీడనను వర్ణించినంత మాత్రాన రచన పీడకుణ్ణి పేర్కొన్నట్టు కాదు.