నిద్రపోయే ఇంజనుకి కొత్త నూనె

కారుకి ఆయిల్ మార్చడం కింద నుంచి మొదలయ్యే పని. జాకీ ఎత్తి, నేలమీద అట్ట పరుచుకుని దూరి, చాంబర్ అడుగున డ్రెయిన్ బోల్టు విప్పితే నూనె దానంతటదే దిగిపోతుంది. బోటుకి ఆ వీలు లేదు. ఇంజను కింద జానెడు ఖాళీ కూడా ఉండదు. ఆ తర్వాత ఫైబర్‌గ్లాస్ అడుగు, దాని కింద సరస్సు. బోల్టంటూ ఒకటి ఉంటుంది గానీ అక్కడికి చెయ్యి పోతే పళ్లెం పోదు, పళ్లెం పోతే చెయ్యి పోదు. అందుకని బోటు ఇంజనులో నూనెని పైనుంచి, డిప్‌స్టిక్ దూరే గొట్టంలోంచే పీల్చి తియ్యాలి.

ఈ సంగతి మా మావయ్యగారికి మింగుడుపడలేదు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి. పిట్‌లో నిలబడి లేలాండ్ బస్సుల కింద స్పానరు తిప్పిన చెయ్యి. వేసవికి రాజమండ్రి నుంచి మా దగ్గరికొచ్చి, చలి ముదరకముందే వెళ్లిపోయేలా తిరుగు టికెట్ కూడా తీసుకునే వచ్చారు. వెళ్లేలోగా బోటుని చలికాలానికి సిద్ధం చెయ్యడం చూస్తానన్నారు. చూస్తానన్నారంటే చూసి ఊరుకుంటారని కాదు.

"పైనుంచి లాగితే అడుగున పేరుకున్న మడ్డి అడుగునే ఉంటుంది గదండీ అల్లుడుగారూ!"

న్యాయమైన మాటే. దానికి జవాబు వేడిలో ఉంది. ఇంజను నడిచి నూనె వేడెక్కినప్పుడు మసీ మట్టీ దాంట్లో తేలుతూ ఉంటాయి, చల్లారి రోజులు గడిస్తే అడుక్కి చేరతాయి. కాబట్టి ముందు ఇంజను నడిపి, నూనె పల్చబడ్డాక, పంపు గొట్టం చాంబర్ అడుగుకి తగిలేదాకా దింపి లాగాలి. అయినా కొంచెం మిగులుతుంది. ఏటా మార్చేవాళ్లు ఆ కొంచెం గురించి బెంగపడక్కర్లేదు. కొన్ని మోడళ్లలో చాంబర్ బోల్టు దగ్గర రబ్బరు పైపు బిగించి ఇస్తారు. బోటు ట్రైలర్ మీద ఉన్నప్పుడు దాన్ని వెనకున్న రంధ్రంలోంచి బయటికి లాగి కింద డబ్బా పెట్టుకోవచ్చు. మాదానికి ఆ భాగ్యం లేదు.

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో. 11,000కి పైగా సరస్సులున్న రాష్ట్రం. మే నుంచి సెప్టెంబరు దాకా జనం నీళ్ల మీదే ఉంటారు. ఆ తర్వాత బోట్లన్నీ తెల్ల ప్లాస్టిక్ చుట్టుకుని వాకిళ్లలోకి వచ్చేస్తాయి. మాది సెకండ్‌హ్యాండులో కొన్న 20 అడుగుల బౌరైడర్. ముందు భాగంలో కూడా సీట్లుండే రకం. లోపలున్నది 4.3 లీటర్ల మెర్‌క్రూజర్ వి-6. దాని వంశం చెప్పగానే మావయ్యగారి మొహంలో కాస్త గౌరవం కనిపించింది. బ్లాకు జనరల్ మోటార్స్‌ది. షెవర్లే ఆస్ట్రో వ్యాన్లలోనూ పికప్పుల్లోనూ తిరిగిన ఇంజనే. మెర్క్యురీ కంపెనీ దాన్నే నీళ్లకి తగ్గట్టు మార్చి బోట్లలో పెట్టింది, 2014లో సొంతంగా 4.5 లీటర్ల వి-6 తెచ్చేదాకా.

"వ్యానుదే అయితే వ్యానులో పోసే ఆయిలే పొయ్యొచ్చుగా, దీనికి వేరే డబ్బా ఎందుకు?" అని వెంటనే అడిగారు.

వ్యాను రోడ్డు మీద వేగం అందుకున్నాక ఇంజను కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. పల్లం వస్తే మొయ్యడమే ఉండదు. నీళ్లలో పల్లం లేదు. బోటు ముక్కు దించి నీటి మీద పరుగందుకున్నాక ఇంజను నిమిషానికి 3,500 చుట్ల దగ్గర, వదిలిపెట్టని లోడుతో, అలాగే తిరుగుతూ ఉంటుంది. ముందుకి వెళ్లడానికి ఉన్నది ఒకటే గేరు. అందుకని మెర్‌క్రూజర్‌కి కాస్త చిక్కటి 25డబ్ల్యూ-40 నూనె చెబుతారు. డబ్బా మీద ఎఫ్‌సీ-డబ్ల్యూ అని ఉందో లేదో చూసుకోవాలి. బోటు తయారీదారుల సంఘం ఎన్ఎంఎంఏ ఫోర్ స్ట్రోక్ బోటు ఇంజన్ల కోసం పెట్టిన ప్రమాణం అది. ఆ నూనె తుప్పు పరీక్ష కూడా నెగ్గాలి, కారు నూనెలకి అంత పట్టింపు లేదు. పక్కనే టీసీ-డబ్ల్యూ3 అని ఇంకో రకం డబ్బాలు ఉంటాయి. అవి పెట్రోలుతో కలిసి కాలిపోయే టూ స్ట్రోక్ మోటార్లకి. అలాంటి మోటారున్నవాళ్లకి అసలు ఆయిల్ మార్చే గొడవే లేదు.

అయితే అసలు వాదన దీని మీద కాదు. ఎప్పుడు మార్చాలన్న దాని మీద.

"రేపణ్ణుంచి ఆర్నెల్లు మూలన పడుండే బండికి ఇవాళ కొత్త ఆయిల్ పోస్తారా? ఏప్రిల్లో పోసుకుంటే కొత్తది కొత్తగా వాడుకోవచ్చు గదా" అన్నారు మావయ్యగారు. మనలో పొదుపు తెలిసిన ఎవరైనా ఇదే అంటారు. పండక్కి కొన్న బట్టలు పండగ వెళ్లాక కట్టుకోవడం ఎందుకన్న లెక్క. మా చుట్టుపక్కల బోట్లున్న తెలుగువాళ్లలో సగం మంది వసంతంలోనే మారుస్తారు. నా అభిప్రాయం మాత్రం గట్టిది: మార్చితే అక్టోబరులోనే మార్చాలి, లేకపోతే మార్చి ఉపయోగం సగమే.

ఎందుకంటే నూనె పాడయ్యేది తిరిగినప్పుడే అయినా, ఆ పాడైన నూనె ఇంజనుని పాడుచేసేది ఖాళీగా ఉన్నప్పుడు. పెట్రోలు మండితే నీటి ఆవిరీ, ఆమ్లాలూ పుడతాయి. వాటిలో కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి జారి చాంబర్లోకి దిగుతుంది. కారులో కూలెంట్ 195 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా కాగుతుంది గనక ఆ తేమ చాలావరకు ఎగిరిపోతుంది. మా బోటు ఇంజను సరస్సు నీళ్లనే లోపలికి తోడుకుని చల్లబడుతుంది. దాని థర్మోస్టాట్ 160 దగ్గరే తెరుచుకుంటుంది. అంతకన్నా వేడెక్కనిస్తే నీళ్లలోని లవణాలు బ్లాకు లోపల గడ్డకడతాయి, ముఖ్యంగా సముద్రంలో తిరిగే బోట్లలో. ఉప్పు నుంచి కాపాడటానికి చల్లగా ఉంచిన ఇంజను అలా తేమని లోపలే దాచుకుంటుంది. ఆ తేమా ఆమ్లమూ కలిసిన నూనె నవంబరు నుంచి ఏప్రిల్ దాకా బేరింగుల మీద కదలకుండా కూర్చుంటే అది చేసే పని మనకి కనబడదు, రెండు మూడేళ్లకి వినబడుతుంది. కంపెనీ పుస్తకం 100 గంటలకోసారి లేదా ఏడాదికోసారి, ఏది ముందొస్తే అప్పుడు మార్చమంటుంది. మా వీధిలో వేసవంతా తిరిగినా 100 గంటలు దాటే బోటు అరుదు. కాబట్టి మాకు లెక్క ఎప్పుడూ క్యాలెండరుదే.

బస్సు డిపోలో ఇంజన్లు నిద్రపోవు. డ్యూటీ దిగిన బస్సు తెల్లారేసరికి మళ్లీ రూటెక్కుతుంది. మావయ్యగారి చేతిలో కిలోమీటర్ల లెక్క తప్ప ఖాళీగా ఉన్న నెలల లెక్క ఎప్పుడూ పడలేదు. ఇదంతా విని కాసేపాగి, "షెడ్డులో పడేసిన బండే ముందు చెడుతుందని మా పాత ఫోర్‌మన్ అనేవాడు లెండి" అన్నారు. ఒప్పుకున్నట్టో కాదో నాకు తెలియలేదు.

పని విషయానికొస్తే, పెట్రోలు ఇంజను కదా, తాళం తిప్పే ముందు, ఇంజను గదిలోని గాలిని బయటికి తోసే బ్లోయరు నాలుగు నిమిషాలు ఆడించాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున చేరి నిప్పురవ్వ కోసం కాచుకునుంటుంది. ఇంటి దగ్గర బోటు నీళ్లలో ఉండదు గనక, వెనక ప్రొపెల్లరుండే డ్రైవ్ పక్కనున్న నీటి రంధ్రాలకి రెండు రబ్బరు కప్పులు తగిలించి తోట పైపు విప్పాలి. అది మరిచి ఇంజను స్టార్ట్ చేస్తే లోపలి నీటి పంపులో రబ్బరు రెక్కలు నిమిషంలోపే కాలిపోతాయి. పది నిమిషాలు నడిపి ఆపి, డిప్‌స్టిక్ తీసి, దాని గొట్టంలోకి పంపు తాలూకు సన్నటి ప్లాస్టిక్ గొట్టం దించాలి. మొదట ఎక్కడో తట్టుకుంటుంది. కాస్త తిప్పి వదిలితే ఇంకొంచెం దిగి, అడుగు తగిలినట్టు వేళ్లకి తెలుస్తుంది. అప్పుడు పంపు పిడి పైకీ కిందకీ ఓ పాతికసార్లు. ఆ తర్వాత గాలి ఖాళీ అయిన పంపు ట్యాంకే పని చేసుకుంటుంది, మనం కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. నల్లటి దారం ఆ పారదర్శక గొట్టంలోకి మెల్లగా ఎక్కి, వంపు తిరిగి, ట్యాంకులో పడుతుంది. చివరికి గుటగుటమని గాలి చప్పుడు.

ట్యాంకు మీద కొలత గీతలుంటాయి. ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అసలు సమాచారం అక్కడే ఉంది. మా ఇంజను పట్టేది సుమారు నాలుగున్నర క్వార్టులు. దాదాపు అంతే వస్తే సంతోషం. బాగా తక్కువొస్తే ఎక్కడో కారుతోంది, లేదా కాల్చుకుంటోంది. పోసినదానికన్నా ఎక్కువొస్తే మాత్రం జాగ్రత్తపడాలి. ఎవరూ నూనె పొయ్యకుండా ఎక్కువైందంటే చాంబర్లోకి పెట్రోలో నీళ్లో దిగుతున్నాయి. పెట్రోలైతే వాసన చెబుతుంది. నీళ్లైతే రంగు చెబుతుంది, పాలు ఎక్కువైన కాఫీ రంగు. ఆ రంగు కనిపిస్తే ఎగ్జాస్ట్ మానిఫోల్డు తుప్పు పట్టి చిల్లిపడి ఉండొచ్చు, హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు, అంతకన్నా ఖరీదైన సంగతి, కిందటి చలికాలం బ్లాకులో నీళ్లు గడ్డకట్టి పగుళ్లిచ్చి ఉండొచ్చు. మావయ్యగారు డిప్‌స్టిక్ మీది చుక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వాసన చూసి, వెలుతురుకి పెట్టి, "బాగుంది" అన్నారు. ఇండియానాలో బ్లాక్‌స్టోన్ అనే ల్యాబ్ ఉంది, చిన్న సీసాలో నూనె పోసి పోస్టులో పంపితే ఏ లోహం ఎంతుందో రాసి పంపుతారు. ఆ సంవత్సరం నేను పంపలేదు.

ఫిల్టరు ఇంజను ఎడమవైపు అడుగున, చూపు ఆనని చోట ఉంటుంది. అక్కడ పని వేళ్లతోనే. జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచీ తొడిగి సంచీతో సహా విప్పితే కారేది సంచీలోకే కారుతుంది. విప్పాక పాత రబ్బరు వాషరు ఫిల్టరుతో పాటు వచ్చిందో లేదో వేలితో తడిమి చూడాలి. అది ఇంజనుకే అంటుకుని ఉండిపోతే, కొత్త వాషరు దాని మీద కూర్చుని, స్టార్ట్ చెయ్యగానే నూనెంతా బోటు అడుగున చిమ్ముతుంది. కొత్త వాషరుకి కాస్త నూనె రాసి, ఆనాక చేత్తో ముప్పావు చుట్టు. స్పానరు పెట్టకూడదు. పెట్టాలని మావయ్యగారి చెయ్యి పోయింది గానీ ఆపుకున్నారు.

బోటులో చుక్క ఒలికితే కారులో ఒలికినట్టు కాదు. గరాజు నేల మీద మరక పడితే ఇంట్లోవాళ్లు కేకలేస్తారు, అంతే. బోటు అడుగున ఒలికింది నీళ్లతో కలిసి ఉండిపోతుంది. ఆ నీళ్లు పెరిగితే అక్కడి పంపు ఎవరూ నొక్కకుండానే పనిచేసి అన్నిటినీ సరస్సులోకి నెట్టేస్తుంది. నీటి మీద రంగుల పొర కనిపించేంత నూనె వదలడం అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. 26 అడుగులూ అంతకు మించీ ఉన్న బోట్లలో ఆ సంగతి రాసున్న పలక అంటించి ఉండాలి. గిన్నెల సబ్బు పోస్తే పొర మాయమవుతుంది గదా అని కొందరికి తెలివి పుడుతుంది. అదీ నేరమే, ఎందుకంటే నూనె ఎక్కడికీ పోలేదు, కంటికి కనబడకుండా కిందికి దిగింది. నూనె మాత్రమే పీల్చి నీటిని వదిలేసే తెల్ల గుడ్డలు అమ్ముతారు. ఒకటి ఇంజను కింద ఎప్పుడూ పడుంటే మంచిది.

కొత్త నూనె మొత్తం ఒక్కసారి కుమ్మరించకుండా నాలుగు క్వార్టులు పోసి, ఇంజను ఒక నిమిషం నడిపి, ఫిల్టరు దగ్గర టార్చి వేసి చూసి, ఆపి, డిప్‌స్టిక్ చూసుకుంటూ మిగతాది పొయ్యాలి. ఆ నిమిషంలోనే కొత్త నూనె బేరింగులన్నిటికీ చేరుతుంది. బ్లాకులో నీళ్లు ఖాళీ చెయ్యడం దీని తర్వాతే. ముందే చేసేస్తే ఇంజను నడపడానికి మళ్లీ నీళ్లు పెట్టాలి. ఆ నీళ్లు పూర్తిగా దింపకపోతే ఇప్పటిదాకా చేసిందంతా వృథా. నీరు మంచైతే తొమ్మిది శాతం ఉబ్బుతుంది, దాని ముందు పోత ఇనుము నిలవదు.

మిగిలింది వాడిన నూనె. ఒక్కసారి మార్చిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచెయ్యగలదని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. ఆటోజోన్ లాంటి స్పేర్‌పార్టుల కొట్లలో ఊరికే తీసుకుంటారు. దాంట్లో నీళ్లు గానీ పెట్రోలు గానీ కలిశాయా అని అడుగుతారు, కలిస్తే తీసుకోరు, వాళ్ల ట్యాంకు మొత్తం చెడుతుంది. కొట్టులో కుర్రాడు మా డబ్బా వంచి ఖాళీ చేసి తిరిగిచ్చాడు. నేను థాంక్స్ చెప్పి బయటికొచ్చాను. మావయ్యగారు అక్కడే నిలబడి ఆ ట్యాంకుని తేరిపార చూస్తున్నారు.

"కాలిన ఆయిల్‌కి మనవైపు ఎంత గిరాకీ అనుకున్నారు. సెంట్రింగ్ చెక్కలకి పూసుకోవడానికి మేస్త్రీలు డబ్బాలు పట్టుకుని వచ్చేవాళ్లు. చెదలు పట్టకుండా దూలాలకి రాసేవాళ్లు. ఇక్కడ మీరు పెట్రోలు పోసుకుని వచ్చి ఊరికే ఇచ్చి, పైగా మీరే థాంక్స్ చెబుతున్నారేంటండీ?"

వాళ్లు దాన్ని శుద్ధి చేసేవాళ్లకి పంపుతారని, అది మళ్లీ నూనెగా తయారవుతుందని చెప్పాను. ఇంటికొచ్చేదాకా ఆయన ఆ కొట్టుకి రోజుకి ఎన్ని గ్యాలన్లు వస్తాయో, గ్యాలను ఎంతకి పోతుందో లెక్క కడుతూనే ఉన్నారు.