సోబా: మెట్ట గింజతో జపాన్ నూడుల్స్

బక్‌వీట్ పిండితో చేసే సన్నటి నూడుల్స్‌ను జపాన్‌లో సోబా అంటారు. ఈ ఒక్క వంటకాన్నే నమ్ముకుని తరాల తరబడి నడుస్తున్న హోటళ్లు అక్కడ చాలా ఉన్నాయి. బక్‌వీట్ గోధుమ జాతిది కాదు. అసలు గడ్డిజాతి మొక్కే కాదు, మన చుక్కకూర కుటుంబానికి చెందినది. గింజ చిన్నది, మూడు పలకలుగా ఉంటుంది. ఉత్తరాది వాళ్లు నవరాత్రి ఉపవాసాల్లో తినే కుట్టు పిండి దీనిదే. విత్తిన రెండున్నర నెలలకు కోతకొస్తుంది. సారం లేని చల్లటి కొండనేలలోనూ పండుతుంది. వరికి నీరందని చోట జపాన్ రైతు దీన్నే నమ్ముకున్నాడు. నగానో కొండప్రాంతపు సోబాకు పేరెక్కువ. నేడు పంట ఎక్కువగా వచ్చేది ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవి నుంచి. జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ఊళ్లలో ఒకప్పుడు జొన్నకు ఏ స్థానం ఉండేదో, అప్పట్లో అక్కడి కొండ ఊళ్లలో బక్‌వీట్‌ది అదే స్థానం. వరి అన్నం పండగనాటి మాట, రోజూ కడుపు నింపింది ఈ గింజ.

మొదట్లో దీన్ని నూడుల్స్‌గా తినలేదు. పిండిలో మరిగే నీళ్లు పోసి గట్టిగా కెలికి, ముద్ద చేసి తినేవారు. సోబాగాకి అనే ఆ ముద్ద ఇప్పటికీ కొన్ని హోటళ్లలో దొరుకుతుంది. పిండిని పలచగా ఒత్తి కత్తితో కోసిన సోబా ప్రస్తావన నగానో ప్రాంతంలోని ఒక బౌద్ధాలయపు 1574 నాటి పత్రంలో కనిపిస్తుంది. ఆ తరవాతి శతాబ్దాల్లో, ఇప్పుడు టోక్యోగా పిలిచే ఎడో నగరంలో, ఇది కూలీల నుంచి సమురాయ్ యోధుల దాకా అందరి తిండి అయింది. రాత్రిళ్లు భుజాన కావడి వేసుకుని వీధుల్లో సోబా అమ్మేవారు. పాలిష్ పట్టిన తెల్లబియ్యం తినే ఆ నగరవాసులను బెరిబెరి వ్యాధి పట్టి పీడించేది. తెల్లబియ్యంలో లోపించే బి1 విటమిన్ బక్‌వీట్‌లో ఉంది. విటమిన్ల సంగతి ఎవరికీ తెలియని ఆ రోజుల్లో కొండవాళ్ల గింజ నగరాన్ని కొంత కాచిందని చెప్పుకోవచ్చు.

సోబా చేయడంలోని కష్టమంతా పిండిలోనే ఉంది. గోధుమపిండిని తడిపితే గ్లూటెన్ అనే జిగురు పదార్థం ఏర్పడి సాగుతుంది, లాగినా తెగదు. బక్‌వీట్‌లో గ్లూటెన్ లేదు. తడిపి ఒత్తితే అంచులు పగులుతాయి, కోస్తే తీగలు తీగలుగా నిలవవు, ఉడికిస్తే ముక్కలవుతాయి. జొన్నపిండితో చపాతీ ఒత్తబోయిన వారెవరికైనా ఈ బాధ తెలుసు. దీనికి జపాన్ వంటవాళ్లు కనుక్కున్న ఉపాయాలు రెండు. ఎనిమిది పాళ్ల బక్‌వీట్‌కు రెండు పాళ్ల గోధుమపిండి కలపడం మొదటిది. హోటళ్లలో ఎక్కువగా దొరికే సోబా ఇదే. గోధుమ అసలు కలపకుండా, చేతి నేర్పుతోనే పిండిని నిలబెట్టడం రెండోది. ఈ పని అందరికీ పట్టుబడదు.

పనివాడు ముందు వెడల్పాటి లక్క పూసిన గిన్నెలో జల్లించిన పిండి పోస్తాడు. నీళ్లు ఒక్కసారిగా పోయడు. పిండి బరువులో సగానికి కాస్త తక్కువ నీటిని రెండు మూడు విడతలుగా చల్లుతూ, పది వేళ్లూ విడదీసి పిండిని చకచకా కలియతిప్పుతాడు. ఈ దశలో పిసకకూడదు. ప్రతి రేణువుకూ తడి అందాలి, ఎక్కడా ముద్ద కట్టకూడదు. పొడి పిండి మెల్లగా రవ్వలా, ఆపైన చిన్న గులకరాళ్లలా మారుతుంది, రంగు ముదురుతుంది, వాసన పైకి తేలుతుంది. అప్పుడు గానీ దాన్ని దగ్గరికి చేర్చి అరచేతి బలంతో మర్దించరు. ఆ పూట గాలిలో తేమ ఎంత, పిండి కొత్తదా పాతదా అన్నదాన్ని బట్టి నీటి కొలత మారుతుంది. అందుకే కొలపాత్ర కన్నా వేళ్ల స్పర్శే నమ్మకం. గిన్నె పని నేర్చుకోవడానికి మూడేళ్లు, ఒత్తడానికి మూడు నెలలు, కోయడానికి మూడు రోజులు అని ఆ వృత్తిలో ఒక లెక్క ఉంది. చూసేవాళ్లకు కత్తి పనే గొప్పగా కనిపిస్తుంది. చేసేవాళ్లకు మాత్రం నీళ్లు కలపడమే అసలు విద్య.

గోధుమ కలపని పిండికి కొందరు వేడినీళ్లు వాడతారు. మరిగే నీటికి పిండిలోని స్టార్చి కొంత ఉడికి జిగురవుతుంది, గ్లూటెన్ చేయాల్సిన పనిని ఆ జిగురు చేస్తుంది. తెలుగిళ్లలో జొన్నరొట్టెకు ఎసరు కాచి పిండి కలపడంలో ఉన్న కిటుకు ఇదే. సముద్రాలు దాటి ఒకరినుంచి ఒకరు నేర్చుకున్నది కాదిది. పిండి గుణమే ఇద్దరికీ నేర్పింది. వేడినీటితో వాసన కొంత పోతుందని కొందరు నిపుణులు చన్నీళ్లకే కట్టుబడతారు.

ముద్దను గుండ్రంగా ఒత్తి, పొడవాటి కర్రకు చుట్టి దొర్లిస్తూ దాన్ని నలుచదరపు రేకుగా మారుస్తారు. మందం మిల్లీమీటరున్నర ఉంటుంది. పిండి చల్లి మడతలు వేసి, చెక్క అడ్డుపలకను ఆనుకుని బరువైన వెడల్పాటి కత్తిని దించుతారు. ప్రతి కోతకూ కత్తిని కాస్త వాల్చగానే పలక వెంట్రుకవాసి జరుగుతుంది, తరవాతి తీగ వెడల్పు దానితోనే తేలిపోతుంది. తీగలన్నీ ఒకే సైజులో ఉంటేనే ఒకేసారి ఉడుకుతాయి. పెద్ద బానలో తెర్లుతున్న నీటిలో వేసిన తాజా సోబాకు నిమిషం, రెండు నిమిషాలు చాలు. వెంటనే తీసి చన్నీటిలో కడిగి, పైన పట్టిన జిగురు వదిలించి, నీళ్లు ఓడేలా వెదురు తడకపై పెడతారు. అప్పుడే విసిరిన పిండి, అప్పుడే ఒత్తిన రేకు, అప్పుడే ఉడికిన తీగ: మంచి హోటల్ ఈ మూడింటిలో దేన్నీ వదులుకోదు.

తినే పద్ధతి కూడా ఈ తొందరకు తగ్గట్టే ఉంటుంది. తడకపై చల్లటి సోబా, చిన్న గిన్నెలో నల్లటి చారు, పక్కన సన్నగా తరిగిన ఉల్లికాడలు, ఘాటైన వసాబి ముద్ద వస్తాయి. సోయా సాస్, చక్కెర, మిరిన్ అనే తియ్యటి బియ్యపు మద్యం కలిపి కొన్నాళ్లు నిలవ ఉంచిన రసాన్ని, ఎండబెట్టి పొగబెట్టిన బోనిటో చేప తురుము కాచిన నీటితో కలిపితే ఆ చారు తయారవుతుంది. రుచి తెలిసినవాళ్లు మొదట నాలుగు తీగలు చారు లేకుండా తిని గింజ వాసన చూస్తారు. ఆ తరవాత కూడా చారులో పూర్తిగా ముంచరు, కొసలు తడిపి గట్టిగా జుర్రుకుంటారు. శబ్దం వస్తుంది. అక్కడ అది అమర్యాద కాదు. తీగలతో పాటు గాలి లోపలికి వెళ్లి వాసనను ముక్కుదాకా తీసుకెళ్తుంది. కబుర్లు చెప్పుకుంటూ నానబెట్టుకునే తిండి కాదిది. పది నిమిషాలు ఆలస్యమైతే తీగలు అతుక్కుపోతాయి.

చివర్లో, సోబా ఉడికించిన నీటిని ఒక పాత్రలో తెచ్చిపెడతారు. తెల్లగా, చిక్కగా గంజిలా ఉండే ఆ నీటిని మిగిలిన చారులో పోసుకుని వేడివేడిగా తాగుతారు. నీటిలోకి దిగిన విటమిన్లు కూడా వృథా కావు. ఉడికిన నీటినీ వడ్డనలో భాగం చేసుకున్న ఈ ముగింపు సోబా భోజనంలో అన్నిటికన్నా మెచ్చుకోదగినది.

టోక్యోలో సరాషినా హోరీ పేరిట నడిచే హోటల్ 1789లో మొదలైంది. గింజ లోపలి తెల్లటి భాగంతో చేసే పాలరంగు సోబాకు ఆ ఇల్లు ప్రసిద్ధి. 1880లో మొదలైన కాండా యాబు సోబా పాత చెక్క భవనం 2013లో అగ్నిప్రమాదంలో దెబ్బతింటే, మళ్లీ కట్టుకుని 2014లో తలుపులు తెరిచారు. డిసెంబరు 31 రాత్రి జపాన్‌లో ఇంటింటా సోబా తినడం ఆనవాయితీ. ఆ రోజు ఇలాంటి హోటళ్ల ముందు పొడవాటి వరసలు కనిపిస్తాయి.

ప్రపంచమంతా ఎరిగిన రామెన్ వేరు. అది గోధుమది, చైనా వంట నుంచి వచ్చి జపాన్‌లో స్థిరపడింది. దాని పసుపు రంగుకూ బిగువుకూ కారణం పిండిలో కలిపే క్షారం, అంటే అప్పడాల్లో వేసే సోడా లాంటిది. 1958లో మొమొఫుకు ఆండో తయారుచేసిన ఇన్‌స్టంట్ రామెన్ వల్లే నూడుల్స్ ప్యాకెట్ మన పల్లెల కిరాణా కొట్ల దాకా వచ్చింది.

సోబా తినబోయే తెలుగువారు రెండు విషయాలు ముందే తెలుసుకోవాలి. కూరగాయల సోబా అని రాసి ఉన్నా చారులో చేప ఉండవచ్చు. శాకాహారులు కొంబు సముద్రపు నాచుతోనో పుట్టగొడుగులతోనో కాచిన చారు ఉందేమో కనుక్కోవాలి. బక్‌వీట్ కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తుంది. జపాన్‌లో ప్యాకెట్ల మీద దాని పేరు ముద్రించడం చట్టప్రకారం తప్పనిసరి.

జొన్నను తీగగా మార్చే ప్రయత్నం తెలుగునేలపైనా జరిగింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్న సేమ్యా, జొన్న పాస్తా తయారీ పద్ధతులను రూపొందించింది. అవి యంత్రం అచ్చులోంచి వచ్చి ఎండి ప్యాకెట్లలో చేరేవి. అప్పటికప్పుడు విసిరి, ఒత్తి, కోసి వడ్డించే పద్ధతి వేరు. ఆ పద్ధతిని జొన్నతో ప్రయత్నించడానికి తగిన చోటు ఒకటుంది. హైదరాబాద్–విజయవాడ రహదారి మీద, రెండు తెలుగు రాష్ట్రాల సరిహద్దులో గరికపాడు ఉంది. రైతుల కోసం పనిచేసే కృషి విజ్ఞాన కేంద్రం ఆ ఊళ్లోనే ఉంది. ఎనిమిది పాళ్ల జొన్నకు రెండు పాళ్ల గోధుమ, లేదా ఎసరు పోసి కలిపిన వట్టి జొన్నపిండి: ఈ రెండు దారులనూ అక్కడి మహిళా సంఘాలతో కలిసి ఆ కేంద్రం పరీక్షించి చూడాలి. దారిన పోయే ప్రయాణికులు ఆగి తినే చోట ఆ గింజ పండించిన ఊరి చేతులే వండి పెట్టాలి.