కౌంటర్ వెనక పనితనం

అమెరికాలో తుపాకుల దుకాణంలో కౌంటర్ వెనక నిలబడే అనుభవజ్ఞుడి పనితనమంటే నాకు గౌరవం. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కావాలంటే ఖరీదైనది ముందు పెట్టడు, దేనికని అడుగుతాడు. గురి నేర్చుకోవడానికైతే రూగర్ 10/22 రైఫిల్ తీస్తాడు. బోల్టు వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబర్‌లోకి చూసి, ఖాళీ అని తేలాకే చేతికిస్తాడు. వాల్‌నట్ చెక్క స్టాక్ (పిడి) అందమే గానీ ధర ఎక్కువ. సింథటిక్‌ది చవక, వానకు ఉబ్బదు.

అసలు నేర్పు తూటాలు నింపే మ్యాగజైన్ దగ్గరే. మినీ-14, ఏఆర్-15 రైఫిళ్లు ఒకే రకం తూటా కాల్చేవైనా ఒకదాని మ్యాగజైన్ మరోదానికి పట్టదు. 10/22కి మాత్రం 1964లో వచ్చిన పది తూటాల రోటరీ మ్యాగజైనే నేటికీ సరిపోతుంది. ఇవన్నీ డబ్బు కట్టకముందే చెప్పే మనిషి దొరికితే, నాలుగు డాలర్లు ఎక్కువైనా అక్కడే కొనండి.