నేల కింద కూడా కట్టిన కోట

2010 జులై 22న ముత్తయ్య మురళీధరన్ 800వ టెస్టు వికెట్ తీసింది శ్రీలంకలోని గాలేలో. అవుటైనవాడు హైదరాబాద్ రంజీ జట్టులో ఆడిన ప్రజ్ఞాన్ ఓఝా కావడంతో ఆ ఘట్టం మనవాళ్ళకి ఇంకాస్త గుర్తు. ఆ ఊళ్ళో మ్యాచ్ జరిగినప్పుడల్లా కెమెరా ఒకచోట ఆగి తీరుతుంది: మైదానం వెనక పచ్చిక పరుచుకున్న పెద్ద రాతి గట్టు, దాని మీద గడియార స్తంభం, టిక్కెట్టు కొనకుండా ఆట చూస్తున్న జనం. ఆ గట్టే కోట గోడ. దాని వెనక మూడు పక్కలా సముద్రం ఉన్న ఒక ఊరు ఉందనీ, 52 హెక్టార్ల ఆ ఊళ్ళో ఇప్పటికీ కాపురాలున్నాయనీ టీవీలో చూసినవాళ్ళలో చాలామందికి తెలియదు.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. పోర్చుగీసువారు 1588లో ఇక్కడ కోట మొదలుపెట్టారు. 1640లో డచ్చివారి వర్తక కంపెనీ దాన్ని గెలుచుకుని, 1663 నుంచి రాతి గోడలు లేపింది. 1796లో ఇంగ్లీషువారి చేతికొచ్చింది. మన బందరులో 1605 నుంచి బట్టల వ్యాపారం చేసింది కూడా ఆ డచ్చి కంపెనీయే. బందరులో వలందపాలెం అనే పేట పేరు, భీమిలిలో కొన్ని సమాధులు మిగిల్చి మన తీరం నుంచి వెళ్ళిపోయిన ఆ కంపెనీ ఊరు కడితే ఎలా కట్టేదో చూడాలంటే గాలే వెళ్ళాలి.

పోర్చుగీసువారు భూమి వైపే ప్రధానంగా కాపు వేసుకున్నారు. సముద్రం సంగతి సముద్రమే చూసుకుంటుందని వాళ్ళ లెక్క. డచ్చివారు అలా వదల్లేదు. ద్వీపకల్పం అంచు వెంట తిరిగి 14 బురుజులతో గోడ చుట్టేశారు. భూమి వైపున్న మూడు బురుజులకి సూర్యుడు, చంద్రుడు, నక్షత్రం అని పేర్లు. ఎత్తూ మందమూ అన్నీ ఈ పక్కే. సముద్రం వైపు కొండరాళ్ళే సగం పని చేసిపెడతాయి కాబట్టి గోడ తగ్గి, వాటి మెలికల్ని అనుసరించి పోతుంది.

చంద్ర బురుజు మూల దగ్గర నిలబడి పక్క బురుజు వైపు చూస్తే పనితనం మొదటిసారి బోధపడుతుంది. గోల్కొండ బురుజులు అర్ధచంద్రాకారంలో ఉంటాయి. చూడ్డానికి బాగుంటాయి గానీ, గుండ్రటి బురుజు ముందు సరిగ్గా మొదట్లో నక్కినవాడు పక్క బురుజు మీది ఫిరంగికి కూడా దొరకడు. గాలే బురుజులు కోణాలు తీరి ఉంటాయి. ఒక బురుజు పక్క గోడ మీంచి గురి పెడితే పొరుగు బురుజు ముఖం పొడుగునా, అడుగుదాకా గుండు దూసుకుపోతుంది. దాక్కోవడానికి జానెడు నీడ కూడా మిగలదు. దీన్ని గీసినవాడికి కావలసింది అందం కాదు, చూపు సాగే గీత. అయినా అందం వచ్చింది. ఫిరంగి గుళ్ళకి అడ్డం లేకుండా కోట ముందు ఖాళీ జాగా వదలడం అప్పటి పద్ధతి. తరవాత అక్కడ గుర్రప్పందేలు నడిచాయి, ఇప్పుడు క్రికెట్ నడుస్తోంది.

ఇక రాయి. దూరం నుంచి అంతా ఒకటే నలుపు. చెయ్యి ఆనించి చూస్తే రెండు రకాలు. ఒకటి గ్రానైటు, మన కొండరాయి. గట్టిగా, నున్నగా, ఎండకి కాలుతూ ఉంటుంది. రెండోది పగడపు రాయి, సముద్రంలోంచి తీసింది. దాని ఒంటినిండా సన్నటి గళ్ళు, గంటు పడ్డచోట లోపల కూడా అవే గళ్ళు. ఒకప్పుడు ఒక్కో గడిలో ఒక్కో ప్రాణి బతికింది. గరుకుగా ఉన్నా గ్రానైటు కంటే తేలిక, చెక్కడానికి లొంగుతుంది. ఆ పగడాన్నే బట్టీలో కాలిస్తే సున్నం వస్తుంది. అంటే గోడలో పగడపు రాయీ, రాయిని పట్టి ఉంచే సున్నమూ ఒకే నీళ్ళ లోంచి వచ్చాయన్నమాట. ఈ గోడ పాత అతుకుల్లో రాయి అరిగినా సున్నం నిలిచిన చోట్లున్నాయి. సిమెంటుతో పని చేసే మేస్త్రీ ఎవరైనా ఒక్కసారి వచ్చి వాటిని చూసి వెళ్ళాలని నా కోరిక.

పాత సింహద్వారం ఓడరేవు వైపుంది. కంపెనీ సరుకుల గోదాము కిందుగా సొరంగంలా వేసిన దారి అది. లోపలి వైపు తలకట్టు మీద కంపెనీ ముద్ర, అటూ ఇటూ సింహాలు, పైన కోడిపుంజు, 1669 సంవత్సరం. బయటి వైపు ఇంగ్లీషు రాజముద్ర. కొత్త దొరలు పాత ముద్రని చెక్కేయకుండా రెండో పక్క తమది పెట్టుకుని ఊరుకున్నారు. సింహాల జూలు గాలికి అరిగిపోయింది గానీ కోడిపుంజు తోక ఇంకా స్పష్టంగానే ఉంది. ఈ ద్వారం వదిలేసి, 1873లో ఇంగ్లీషువారు సూర్య, చంద్ర బురుజుల మధ్య గోడ కొట్టి పెట్టిన వాకిట్లోంచి ఆటోల్లో దూసుకుపోయేవాళ్ళే ఎక్కువ. పాత దారిలో నడిచి వెళ్ళడమే న్యాయం.

నన్ను అడిగితే గాలేలో గొప్ప పని గోడ కాదు. గళ్ళు గీసినట్టున్న వీధుల కింద ఇటుకతో కట్టిన మురుగు కాలవలు. వాటిని కడగడానికి మనుషుల్ని పెట్టలేదు. పోటు వచ్చినప్పుడు సముద్రం లోపలికి వచ్చి, ఆటుకి వెనక్కి పోతూ ఊరి మురికిని తనతో తీసుకుపోయేలా కట్టారు. వినడానికి సులువు. కానీ శ్రీలంక తీరంలో పోటుకీ ఆటుకీ తేడా మీటరు కూడా ఉండదు. ఆ కాస్త ఎత్తులోనే నీరు వీధుల కిందికి ఎక్కాలి, ఇళ్ళలోకి తన్నకూడదు, మళ్ళీ ఎక్కడా నిలవకుండా పూర్తిగా దిగిపోవాలి. వాటం ఒక చోట బెత్తెడు తప్పితే ఆ వీధి మొత్తం కంపు కొడుతుంది. ఇసుకా రాయీ కలిసిన నేలలో, రసమట్టం కూడా ఇంకా వాడుకలోకి రాని రోజుల్లో, నీళ్ళతోనే నీళ్ళని కొలుచుకుంటూ ఆ వాటం నిలబెట్టిన పనివాళ్ళకి దణ్ణం పెట్టాలి. ఇప్పటి మన నగరాల్లో వాన కురిసిన మర్నాడు రోడ్ల మీద నడిచిన ఎవరికైనా దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు. ట్రైటన్ బురుజు మీద ఒక గాలిమర కూడా ఉండేదట. అది సముద్రపు నీటిని తోడితే దుమ్ము రేగే వీధుల మీద చల్లేవారట.

ఆ పనివాళ్ళు డచ్చివారు కారు. గీత ఐరోపాది, చెయ్యి లంకది. ఊరి కట్టడాల పొడుగు వెడల్పులు కూడా స్థానిక కొలతలకే సరిపోతాయని 1988లో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినప్పుడు యునెస్కో ప్రత్యేకంగా చెప్పింది. డచ్చి పాలనలోని లంకలో వెట్టి ఉంది, బానిసత్వం ఉంది. ఈ గోడని మెచ్చుకునేవాడు ఆ సంగతి కూడా కలుపుకునే మెచ్చుకోవాలి.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు బయటి ఊరు, బస్ స్టాండు, క్రికెట్ మైదానం కొట్టుకుపోయాయి. మళ్ళీ ఆ మైదానంలో టెస్టు జరిగింది 2007 డిసెంబరులో. గోడ లోపలి ఊరు మాత్రం చాలావరకు నిలబడింది. ఫిరంగుల కోసం కట్టిన మందం కెరటానికి పనికొచ్చింది.

ఇళ్ళ గురించి చెప్పకపోతే లోటు. మందపాటి గోడలు, ఎత్తయిన పెంకుటి కప్పు, వీధి వైపు స్తంభాల వసారా, వెనక పెరడు. హాలండులో వసారాతో పనిలేదు. ఎండా వానా నేర్పిన పాఠం ఇది. ఆకాశం నేరుగా నట్టింట్లోకి దిగే లోగిళ్ళు కూడా ఉన్నాయి. మన మండువా ఇంట్లో పెరిగినవాళ్ళు ఆ వానచుక్కల చప్పుడు ఇట్టే గుర్తుపడతారు. నీడకి వేసిన సూరియ చెట్టు మనకి గంగరావే. ఇప్పుడు ఆ వసారాల్లో చాలావాటిని కాఫీ బల్లలు, నగల దుకాణాలు ఆక్రమించాయి. చర్చి వీధిలో మరీ ఎక్కువ. లేన్‌బాన్ వీధి వైపు మళ్ళితే గడపలో కూర్చుని పేపరు చదువుకునే పెద్దవాళ్ళు ఇంకా కనిపిస్తారు, తలుపుల మీద చెక్కడపు గాలి జాలీలు నిదానంగా చూడొచ్చు. గోడ మీద చుట్టూ తిరిగి రావడానికి గంటన్నర పడుతుంది. ప్రవేశ రుసుం లేదు. నీడ కూడా లేదు కాబట్టి పొద్దున్నే బయల్దేరండి.