అయిదో భాగహారం

429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ఈ సంఖ్యను కాగితం మీద రాసుకుని కారణాంకాలు తీయడం నాకెప్పుడూ విసుగు పుట్టించని పని. ఫోనులో నొక్కితే జవాబు క్షణంలో వస్తుంది. కానీ కారణాంకాలు తీసేవాళ్ల నేర్పంతా, దేనితో భాగించనక్కర్లేదో ముందే తేల్చుకోవడంలో ఉంటుంది. అది ఈ సంఖ్య దగ్గర తెలిసినంత బాగా మరెక్కడా తెలియదు.

ఫ్రాన్సులో తులూజ్ న్యాయాధికారి ఫెర్మా 3, 5, 17, 257, 65537 అనే వరుసను పట్టుకున్నాడు. ఒకటి తీసేసి, వర్గం చేసి, ఒకటి కలిపితే తర్వాతిది వస్తుంది. అయిదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది మన సంఖ్య. అదీ, ఆపై వచ్చేవన్నీ కూడా ప్రధానాలేనని ఆయన నమ్మాడు.

సరిచూడాలంటే వర్గమూలం దాకా ఉన్న ప్రధానాలన్నిటితో భాగించాలి. అవి 6,542. అయితే 1732లో, పాతికేళ్ల వయసులో, గణితజ్ఞుడు ఆయిలర్ దీన్ని 641 భాగిస్తుందని చూపించాడు. దారి ఏమిటో తర్వాతి వ్యాసంలో చెప్పాడు.

ఏదో ఒక ప్రధానం దీన్ని భాగిస్తుందనుకుందాం. 2ను రెట్టిస్తూ పోతూ, మెట్టు మెట్టుకీ ఆ ప్రధానంతో భాగించి శేషం చూడండి. 32వ మెట్టు మన సంఖ్య కంటే ఒకటే తక్కువ కనక, అక్కడ నిశ్శేషంగా పోవడానికి ఒకటే తక్కువవుతుంది. దాన్ని వర్గం చేస్తే 64వ మెట్టు, అక్కడ శేషం 1. అంతకుముందు ఎక్కడా 1 రాదు, ఆ తర్వాత ప్రతి 64 మెట్లకూ వస్తుంది. ప్రధానం కంటే ఒకటి తక్కువైన మెట్టులో శేషం 1 అయి తీరుతుందని 1640లో చెప్పింది ఫెర్మాయే. అంటే మనకు కావలసిన ప్రధానాన్ని 64తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటివి వరసగా 193, 257, 449, 577, 641. ఇంత పనిముట్టు చేతిలో ఉండి ఆయన ఈ అయిదు భాగహారాలూ ఎందుకు చేయలేదా అని నాకిప్పటికీ బాధగా ఉంటుంది.

అయిదోది చేసి చూడండి. 42949లో 641 అరవై ఏడు సార్లు పోయి 2 మిగులుతుంది. 6 దించితే 26, పోదు, సున్నా. 7 దించితే 267, మళ్లీ సున్నా. 2 దించితే 2672, నాలుగుసార్లు, శేషం 108. 9 దించితే 1089, ఒకసారి, శేషం 448. ఇక చివరి 7 దించితే 4487. అది సరిగ్గా ఏడు 641లు. ఎంత తెలిసి చేసినా ఇక్కడ నా పెన్సిలు ఒక్క క్షణం ఆగుతుంది.

వరుసలో తర్వాతిది ఇరవై అంకెల సంఖ్య. దాన్ని 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు 82 ఏళ్ల వయసులో విడదీశాడు. ఆ అయిదూ తప్ప ఈ వరుసలో మరో ప్రధానం నేటికీ దొరకలేదు.

మన భాగఫలం 67,00,417. ఇదింకా విరుగుతుందా? దీని వర్గమూలం 2,588కి కాస్త పైన. 641కి ముందటి నాలుగూ అసలు సంఖ్యనే భాగించవు కనక, 641తో మరోసారి, ఆపైన 769, 1153, 1217, 1409, 1601, 2113తో భాగించి చూస్తే చాలు. ఏడింటికీ శేషం మిగులుతుంది.